తన–పర భేదం విప్పిన శాస్త్రజ్ఞుడు: సర్ పీటర్ మెడవార్

మామిడి మొక్కకు అంటు కడితే పట్టుకుంటుంది. ఒక మనిషి చర్మం ఇంకొక మనిషికి అతికిస్తే మాత్రం కొద్ది రోజుల్లోనే ఊడిపోతుంది. ఎందుకని? ఈ ప్రశ్నకే జీవితం ధారపోసిన సర్ పీటర్ మెడవార్ గురించి నాలుగు మాటలు చెప్తాను.

ఆయన 1915 ఫిబ్రవరి 28న బ్రెజిల్‌లో జన్మించారు. తండ్రిది లెబనాన్, తల్లి ఇంగ్లీషు వనిత. ఆక్స్‌ఫర్డ్‌లో జంతుశాస్త్రం చదివారు. యుద్ధం రోజుల్లో, 1940లో, ఆయన ఇంటి సమీపంలో ఒక విమానం కూలింది. ఒళ్ళు కాలిన వైమానికుని బాధ ఆయన్ని ఈ పరిశోధనకు మళ్ళించింది. తర్వాత గ్లాస్గోలో సర్జన్ థామస్ గిబ్సన్‌తో కలిసి, కాలిన గాయాలున్న ఒక స్త్రీకి ఆమె సోదరుని చర్మం అతికించి చూశారు. రెండోసారి అతికించింది మొదటిదానికన్నా త్వరగా పోయింది. అంటే శరీరం పరాయి చర్మాన్ని గుర్తు పెట్టుకుంటోందన్నమాట! తిరస్కరించేది రోగనిరోధక శక్తేనని 1943లో ప్రకటించారు.

తర్వాతి మలుపు దూడల దగ్గర వచ్చింది. ఆవు కవలల్లో ఒకటి కోడె, ఒకటి పెయ్య అయితే, ఆ పెయ్య సాధారణంగా గొడ్డుపోతుంది. గర్భంలో రెండింటి రక్తం కలవడమే దీనికి కారణం. బర్మింగ్‌హామ్‌లో ఉండగా మెడవార్, బిల్లింగ్‌హామ్ అలాంటి కవలల మధ్య చర్మం మార్చారు. చాలావాటిలో అది చక్కగా అతుక్కుంది. కవల దూడల రక్తం గురించి రే ఓవెన్ 1945లోనే రాసిన విషయం దీనికి సరిగ్గా సరిపోయింది.

ఇక దీన్ని చేతులారా సాధించాలనుకున్నారు. బిల్లింగ్‌హామ్, బ్రెంట్‌లతో కలిసి, ఇంకా పుట్టని ఎలుక పిల్లల్లోకి వేరే జాతి ఎలుక కణాలు ఎక్కించారు. అవి పెద్దయ్యాక ఆ జాతి చర్మాన్ని తమదిగానే స్వీకరించాయి. ఇది 1953లో ప్రచురితమైంది. 1960లో బర్నెట్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

అయితే ఈ సహనం నేర్పే బడి ఎక్కడుంది? రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిలో. పుట్టిన వెంటనే థైమస్ తీసేసిన ఎలుకలు పరాయి చర్మాన్ని తిరస్కరించలేవని 1961లో జాక్ మిల్లర్ చూపారు. విచిత్రమేమంటే, థైమస్‌లోని లింఫోసైట్లకు పెద్ద ప్రాముఖ్యం లేదని 1963లో మెడవారే కొట్టిపారేశారు! సొంత శరీరంపై తిరగబడే కణాల్లో ఎక్కువ భాగం అక్కడే నశిస్తాయని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఆయన ఎలుకలు నేర్చిన సహనానికి కూడా చాలావరకు ఆ గ్రంథే ఆధారం. నోబెల్ గ్రహీత మాటైనా సరే, ప్రయోగం ముందు నిలవాల్సిందే.

1969లో పక్షవాతం వచ్చినా ఆయన పరిశోధన, రచన మానలేదు. 1987 అక్టోబర్ 2న కన్నుమూశారు. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవారిలో చాలామంది నేటికీ జీవితాంతం మందులు మింగాల్సి వస్తోంది. ఎలుక పిల్లకు ఆయన నేర్పిన సహనాన్ని పెద్ద మనిషికి నేర్పడం ఎలాగన్నది మన తరం ముందున్న పని.