ఒకే ఇల్లున్న దీవిలో ఇబ్న్ బతూతా

ప్రపంచ యాత్రికుడు ఇబ్న్ బతూతా పేరు విననివారు మనలో అరుదు. ఆయన చూసిన సుల్తానుల దర్బారుల గురించి మనం తరచూ చెప్పుకుంటాం. నడిసముద్రపు దీవుల్లో సామాన్యుల మధ్య ఆయన గడిపిన రోజుల గురించి చెప్పుకునేది తక్కువ. నిజానికి మనం నేర్చుకోవలసింది అక్కడే ఎక్కువగా ఉంది.

ఇబ్న్ బతూతా 1304లో (హిజ్రీ 703) మొరాకోలోని తాంజీర్ పట్టణంలో ఖాజీల కుటుంబంలో జన్మించారు. 21 ఏళ్ల వయసులో, 1325లో, తల్లిదండ్రులను విడిచి ఒంటరిగా హజ్‌కు బయలుదేరారు. హజ్ పూర్తయినా ప్రయాణం ఆగలేదు. ఎన్నో దేశాలు తిరిగి ఢిల్లీ చేరారు. సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఆయనను ఖాజీగా నియమించి, ఏటా 12,000 దీనార్ల జీతం ఏర్పాటు చేశారు. 1342లో కానుకలిచ్చి చైనా చక్రవర్తి వద్దకు రాయబారిగా పంపారు. ఆ దారిలో ఆయన దౌలతాబాద్‌ను చూశారు. మన భైంసా నుంచి నాందేడు మీదుగా పడమరకు వెళితే వచ్చే దౌలతాబాదే అది.

కాలికట్ రేవులో సామానంతా ఓడలకెక్కింది. జుమా నమాజు కోసం ఇబ్న్ బతూతా ఒడ్డునే ఉండిపోయారు. ఆ రాత్రి తుఫాను వచ్చింది. కానుకల ఓడ బద్దలై ఎందరో మరణించారు. ఆయన సామానున్న ఓడ ఆయనను వదిలి వెళ్లిపోయింది. చేతిలో పది దీనార్లు, పడుకున్న తివాచీ మాత్రమే మిగిలాయి. సుల్తాన్‌కు ముఖం చూపలేక, కొంతకాలం తీరంలోనే తిరిగి, 1343లో మాల్దీవులకు ఓడెక్కారు. పది రోజులకు దీవులు కనిపించాయి.

ఆ ప్రజలు 1153లోనే ఇస్లాం స్వీకరించారు. అప్పుడు వారిని పాలిస్తున్నది ఖదీజా అనే రాణి. అక్కడివారు చేపలు పట్టి ఎండబెట్టేవారు, కొబ్బరిపీచు తాళ్లు పేనేవారు. ఆ తాళ్లతోనే ఓడ పలకలను కుట్టేవారు. గవ్వలే వారికి నాణేలు. వారు శుభ్రత పాటించేవారు, భక్తిపరులు, పోట్లాటలంటే గిట్టనివారు.

ఇబ్న్ బతూతా ఢిల్లీ ఖాజీ అన్న సంగతి ఎంత దాచినా దాగలేదు. వారు ఆయనను తమ ఖాజీగా చేసుకున్నారు. ఆయన జుమాకు రానివారిని కొరడాలతో కొట్టించారు. స్త్రీల వస్త్రధారణ మార్చాలని చూసినా సాధ్యం కాలేదు. ఒక దొంగ చేయి నరకమని తీర్పు చెప్పినప్పుడు, సభలో ఉన్నవారిలో కొందరు స్పృహ తప్పి పడిపోయారట. శిక్షలకు అలవాటుపడిన ఢిల్లీకీ ఆ దీవులకూ ఉన్న తేడా అది. చివరకు వజీరుతో పేచీ వచ్చి, 1344లో పదవి వదిలి, అక్కడ పెళ్లాడిన భార్యలకు తలాఖ్ ఇచ్చి బయలుదేరారు.

దారిలో ఒక చిన్న దీవి తగిలింది. అక్కడున్నది ఒకే ఒక ఇల్లు. అందులో ఒక నేతగాడు భార్యాపిల్లలతో ఉంటున్నాడు. అతనికి కొన్ని కొబ్బరిచెట్లు, అరటిచెట్లు, చేపలు పట్టడానికి ఒక చిన్న పడవ ఉన్నాయి. ఆ దీవిలో రెండు కాకులు తప్ప వేరే పక్షులు కనిపించలేదు. రాజుల కొలువులు చూసిన ఇబ్న్ బతూతా ఆ నేతగాణ్ణి చూసి అసూయపడ్డారు. ఆ దీవి తనదైతే చనిపోయేవరకు అక్కడే ఉండిపోవాలని కోరుకున్నారు. అయినా ఓడ ఆగలేదు, ఆయనా ఆగలేదు.

ఆయన వెళ్లాక మాల్దీవుల్లోని ఒక భార్యకు కొడుకు పుట్టాడు. తర్వాత ఒకసారి తిరిగివచ్చి, రెండేళ్ల ఆ బిడ్డను చేతుల్లోకి తీసుకున్నారు. తనతో తిప్పడం కన్నా అక్కడ ఉండడమే వాడికి మేలని తలచి తిరిగి అప్పగించారు. 1349లో మొరాకో చేరేసరికి తల్లి కూడా లేరు. తండ్రి పోయిన కబురు అంతకుముందే డమాస్కస్‌లో అందింది.

1355లో ఆయన చెప్పగా ఇబ్న్ జుజయ్ ఆ యాత్రాగ్రంథాన్ని పూర్తి చేశారు. అందులో ఎందరో రాజుల పేర్లున్నాయి, ఆ నేతగాడి పేరు లేదు. అయినా అంతటి యాత్రికుడు ఆశపడినది అతని బతుకునే. భార్యాపిల్లలు, నాలుగు చెట్లు, ఒక పడవ, వాటితో తృప్తి. మన ఇళ్లలో ఆ పాటి సంపద చాలామందికి ఉంది. దాన్ని గుర్తించడానికి మనం సముద్రం దాటనక్కర్లేదు.