బ్రహ్మర్షి రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

మన సంఘమున జన్మించిన మహనీయులలో సర్ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు అగ్రగణ్యులు. వారిని మనవారని చెప్పుకొనుట సులభము. వారు నడచిన త్రోవను నడచుట కష్టము.

వీరు 1862 అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున తెలగ కుటుంబమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. వారి యుద్యోగమును బట్టి వేంకటరత్నముగారి బాల్యవిద్య చాందాలోను, హైదరాబాదులోను జరిగెను. పిదప మద్రాసు క్రైస్తవ కళాశాలలో మిల్లరుదొరగారి శిష్యులై పట్టభద్రులైరి. బ్రహ్మసమాజమున చేరి వర్ణభేదములను విసర్జించిరి. 1889లో భార్య గతింపగా మరల వివాహమాడక, ధవళవస్త్రధారులై, జీవితమును విద్యాదానమునకును సంఘసంస్కరణమునకును ధారవోసిరి. భోగముమేళములను నిరసించిరి, వితంతువివాహములకు బాసటయైరి.

సికిందరాబాదు మహబూబు కళాశాలకు అధ్యక్షులుగా నుండి, 1904లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా వచ్చి 1919 వరకు ఆ పదవి నలంకరించిరి. నాడు కళాశాల విద్య కొన్ని యిండ్ల మగపిల్లల సొత్తు. నాయుడుగారు బాలికలను చేర్చుకొనిరి. పంచములని దూరముంచబడిన బిడ్డలను తక్కినవారి సరసనే కూర్చుండబెట్టిరి. అయితే తలుపు తెరచినంతనే చాలదని వారెరుగుదురు. జీతము కట్టలేనివానికిని, తల దాచుకొన చోటు లేనివానికిని తెరచిన తలుపును మూసిన తలుపే. అందుచేత తమ యార్జనలో అధికభాగమును పేదవిద్యార్థులకు వ్యయించిరి. అనాథబాలికలను తమ యింటనే పెంచిరి. వీరిని గురువుగా భావించిన పిఠాపురము మహారాజా రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు కాకినాడలో అనాథశరణాలయమును, పంచమ విద్యార్థులకు వసతిగృహమును నెలకొల్పిరి. గురువు సంకల్పమునకు దాత ధనము తోడైననే ధర్మము నిలుచునని యిట్లు తేటపడినది.

1924లో వీరికి సర్ బిరుదము లభించెను. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరులైరి. 1939 మే 26వ తేదీన పరమపదించిరి.

ఆంధ్రులు వీరిని కులపతి యనిరి. పదివేలమంది శిష్యులకు అన్నమిడి విద్య గరపువాడు కులపతి యని పెద్దల నిర్వచనము. ఆ మాటలోని కులము పుట్టుకచే వచ్చినది కాదు. గురువు చెంత చేరిన పిల్లలందరును కలసినది. మన పిల్లల విద్యకై నిధులు కూర్చుట న్యాయమే. కాని మన వసతిగృహముల పంక్తిలో పొరుగింటి పేదబిడ్డకును ఒక విస్తరి వేయనినాడు, నాయుడుగారి పటమునకు వేసిన పూలమాల వాడిపోవు అలంకారమే యగును. దాతలు ఈ సంగతిని మనసున నుంచుకొందురు గాక!