పత్రికలో కనబడ్డ ఇంటిపేరు

మత్తయి సువార్త తెరవగానే వచ్చే వంశావళిని మనలో చాలామంది చదవకుండానే పేజీ తిప్పేస్తాం. ఆగి చదివితే అందులో తామారు, రాహాబు, ఊరియా భార్య కనిపిస్తారు. ఏ కుటుంబమైనా నలుగురిలో చెప్పుకోవడానికి వెనుకాడే కథలవి. అలాంటి కథ తన ఇంటిపేరు వెనకా ఉందని ఏంజెలీనా గ్రిమ్‌కీకి 60 ఏళ్లు దాటాక తెలిసింది.

ఆమె 1805లో అమెరికా దక్షిణాదిన, సౌత్ కరోలినాలోని చార్లెస్టన్‌లో పుట్టింది. తండ్రి న్యాయమూర్తి, తోటల యజమాని, బానిసల యజమాని కూడా. 14 మంది సంతానంలో ఆమె ఆఖరిది. 12 ఏళ్లు పెద్దదైన అక్క సారాయే ఆమెకు జ్ఞానతల్లి. ఆదివారం చర్చిలో ప్రార్థించిన చేతులే సోమవారం కొరడా పట్టడాన్ని ఆ అక్కాచెల్లెళ్లు తట్టుకోలేకపోయారు. సారా 1821లో, ఏంజెలీనా 1829లో ఇల్లు విడిచి ఫిలడెల్ఫియా చేరి క్వేకర్ల సహవాసంలో కలిశారు. బానిసత్వాన్ని ఎదిరించమంటూ దక్షిణాది క్రైస్తవ స్త్రీలకు 1836లో ఏంజెలీనా రాసిన పుస్తకాన్ని సొంత ఊళ్లోనే తగలబెట్టారు. తిరిగొస్తే జైలేనన్నారు. 1838లో థియోడర్ వెల్డ్‌తో పెళ్లయిన రెండు రోజులకే ఆమె ఫిలడెల్ఫియాలో ప్రసంగిస్తుంటే అల్లరిమూక రాళ్లు రువ్వింది. మర్నాటి రాత్రి ఆ భవనాన్నే కాల్చేసింది.

ఇవన్నీ చాలామందికి తెలిసిన సంగతులే. మనం ఆగవలసింది 1868 ఫిబ్రవరి దగ్గర. అంతర్యుద్ధం ముగిసింది, బానిసత్వం రద్దయింది. బోస్టన్ దగ్గర ఉంటున్న ఏంజెలీనా ఒక పత్రికలో పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయం గురించి చదివింది. అక్కడ చదువుకునేది నల్లజాతి యువకులు. అందులో గ్రిమ్‌కీ అనే విద్యార్థి ప్రతిభను మెచ్చుకున్నారు. అరుదైన ఇంటిపేరది! విడుదలైన బానిసలు యజమాని పేరు పెట్టుకోవడం మామూలే కదా అని ఆమె పత్రిక మడిచేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కానీ ఆమె, నువ్వెవరివని అడుగుతూ ఆ అబ్బాయికి ఉత్తరం రాసింది.

జవాబు రాసింది ఆర్చిబాల్డ్. అతని తండ్రి మరెవరో కాదు, ఏంజెలీనా సొంత అన్న హెన్రీ. తల్లి నాన్సీ వెస్టన్ హెన్రీకి బానిస. ఆర్చిబాల్డ్ తర్వాత ఫ్రాన్సిస్, జాన్ పుట్టారు. 1852లో హెన్రీ చనిపోతూ వీళ్లను ఇంటివాళ్లుగా చూసుకొమ్మని పెద్ద భార్య కొడుకు మాంటేగ్‌కు అప్పగించాడు, కానీ స్వేచ్ఛ మాత్రం ఇవ్వలేదు. నాన్సీ బట్టలుతికి పిల్లల్ని పెంచింది. 1860లో మాంటేగ్ ఆ తమ్ముళ్లనే తన ఇంటి చాకిరీకి లాక్కున్నాడు. ఆర్చిబాల్డ్ పారిపోయి దాక్కున్నాడు. ఫ్రాన్సిస్‌ను ఒక సైనికాధికారికి అమ్మేశారు. చరిత్రకారులు గ్రిమ్‌కీ అక్కాచెల్లెళ్లకిచ్చిన చోటులో సగమైనా ఈ నాన్సీకి ఇచ్చి ఉండాల్సిందని మనకనిపిస్తుంది.

బానిసల యజమానుల పాపాన్ని వేదికలెక్కి చెప్పడం ఒక ఎత్తు, ఆ పాపానికి సొంత అన్న పేరు పెట్టుకోవడం మరో ఎత్తు. ఏంజెలీనా వాళ్లను తన మేనల్లుళ్లని ఒప్పుకుంది. అంతటితో ఊరుకోక, ఆ వేసవిలోనే స్వయంగా లింకన్‌కు వెళ్లి చూసింది. అక్కాచెల్లెళ్లు అప్పటికి ధనవంతులేం కాదు, పాఠాలు చెప్పుకుని బతికినవాళ్లు. అయినా ఆ పిల్లల చదువుకు చేతనైనంత డబ్బు సర్దారు. ఆర్చిబాల్డ్ 1874లో హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం పూర్తిచేశాడు. ఒకప్పుడు అమ్ముడుపోయిన ఫ్రాన్సిస్ 1878లో ప్రిన్స్‌టన్‌లో వేదాంత విద్య ముగించి, వాషింగ్టన్‌లోని ఫిఫ్టీన్త్ స్ట్రీట్ ప్రెస్బిటేరియన్ చర్చికి కాపరి అయ్యాడు.

సారా 1873లో, ఏంజెలీనా 1879 అక్టోబరులో కన్నుమూశారు. నాలుగు నెలలకు, 1880 ఫిబ్రవరిలో, ఆర్చిబాల్డ్‌కు కూతురు పుట్టింది. కవయిత్రిగా, నాటక రచయిత్రిగా ఎదిగిన ఆ అమ్మాయికి పెట్టిన పేరు ఏంజెలీనా వెల్డ్ గ్రిమ్‌కీ.