సుల్తాన్ కులీ కుతుబుల్ ముల్కు

కృష్ణానదికి ఉత్తరమున పానగల్లు, ఘనపురము అను రెండు గిరిదుర్గములు కలవు. నేడవి వనపర్తి జిల్లాలోనివి. పదునారవ శతాబ్దిలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలు విజయనగర, బిజాపూరు, గోలకొండ రాజ్యములకు పొలిమేరలు. ఆ దుర్గములను జయించి గోలకొండకు చేర్చినవాడు సుల్తాన్ కులీ.

ఈతడు పారశీక దేశమున హమదాను ప్రాంతమున, కారా కొయున్లూ అను తురుష్క వంశమున జన్మించెను. స్వదేశమున శత్రువులు ప్రబలుటచే దక్కనునకు వచ్చి, బహమనీ సుల్తాను మహమూద్‌షా కొలువున చేరెను. శౌర్యముచే కుతుబుల్ ముల్కు బిరుదమును, 1496 ప్రాంతమున తెలంగాణ పాలనమును పొందెను.

ఈతడు షియా మతస్థుడు. ప్రవక్త అనంతరము నాయకత్వము అలీకి, ఆయన సంతతికి చెందవలెనని నమ్మువారు షియాలు. 680లో కర్బలాయందు హుస్సేను వధింపబడిన పిదప వీరిలో కొందరి భక్తి హద్దు మీరెను. అలీ కుమారుడగు మహమ్మదు ఇబ్నుల్ హనఫియ్యా మరణింపలేదనియు, రద్వా పర్వతమున దాగియున్నాడనియు, మరల వచ్చుననియు కైసానీలలో కొందరు నమ్మిరి. కూఫా నగరమున అబుల్ ఖత్తాబు ఇమాము జాఫరు సాదిఖునందు దైవత్వమును ఆరోపించెను. ఇమాము స్వయముగా వానిని బహిష్కరించెను. ఇట్టివారికి గులాతులని, అనగా అతివాదులని, పేరు వచ్చెను. ఇమాములు మార్గదర్శకులే గాని దేవుళ్లు కారని పండ్రెండుగురు ఇమాములను కొలుచు ప్రధాన శాఖవారు వారిని నిరాకరించిరి.

ఆ అతివాదము పూర్తిగా అణగలేదు. 1501లో పారశీక సింహాసనమెక్కిన షా ఇస్మాయిలును ఆయన సైనికులలో అనేకులు దైవాంశగా ఆరాధించిరి. ఆయన అజేయుడను వారి నమ్మకము 1514లో చాల్దిరాను యుద్ధమున ఓటమితో దెబ్బతినెను.

సుల్తాన్ కులీ ఆ ఇస్మాయిలునకు సమకాలికుడు, స్వమతస్థుడు. తన రాజ్యమున ప్రార్థనా ప్రసంగములయందు పండ్రెండుగురు ఇమాముల పేర్లు చదివించెను. కాని తనకు దైవత్వమును ఆపాదించుకొనలేదు. రాజ బిరుదమును సైతము ఆశింపలేదు. గోలకొండలో 1518లో వెలసిన జామీ మసీదు శాసనమున ప్రభువుగా పేర్కొనబడినవాడు మహమూద్‌షాయే. బహమనీల అధికారము నామమాత్రమైన కాలమున కూడ ఈ మర్యాదను పాటించుట గమనింపదగినది.

1543లో ప్రార్థన చేయుచుండగా, కుమారుడగు జంషీదు ప్రేరణచే వృద్ధుడగు సుల్తాన్ కులీ హత్య చేయబడెను. మరియొక కుమారుడు ఇబ్రహీము విజయనగరమున శరణుపొంది, 1550లో గోలకొండ సింహాసనమెక్కి తెలుగు కవులను ఆదరించెను.

కుతుబ్‌షాహీల కాలమున ఈ సీమలో వేరూనిన పీర్ల పండుగలో నేటికిని హిందువులును పాల్గొందురు. కులీ అను తురుష్క పదమునకు సేవకుడని అర్థము. అనుచరులు తమ నాయకుని దేవునిగా కొలిచిన కాలమున, ఈతడు ఆ పేరునకు తగినట్లు సేవకుడుగనే నిలిచెను.