అబ్ ఐవర్క్స్: మిక్కీ మౌస్‌ను గీసిన చెయ్యే.. అడవి సినిమాలను పెద్ద తెరకు తెచ్చింది!

మిక్కీ మౌస్ అనగానే అందరికీ వాల్ట్ డిస్నీ పేరే గుర్తొస్తుంది. కానీ ఆ ఎలుకకు మొదట బొమ్మ రూపం ఇచ్చింది అబ్ ఐవర్క్స్. ఆయనే తర్వాత డిస్నీ వైల్డ్‌లైఫ్ డాక్యుమెంటరీల వెనుక కీలక టెక్నీషియన్ అయ్యారన్న సంగతి చాలామందికి తెలీదు.

1901 మార్చి 24న అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఐవర్క్స్ పుట్టారు. 1919లో అక్కడి ఓ యాడ్ స్టూడియోలో వాల్ట్ డిస్నీతో పరిచయమైంది. అప్పటికి ఇద్దరూ టీనేజ్ కుర్రాళ్లే. 1928లో మిక్కీ తొలి కార్టూన్ 'ప్లేన్ క్రేజీ' బొమ్మలను దాదాపు ఒంటిచేత్తో గీసేశారు. 1930లో డిస్నీని వదిలి సొంత స్టూడియో పెట్టారు. అది 1936లో మూతపడింది. 1940లో మళ్లీ పాత గూటికే చేరారు. అయితే ఈసారి ఆయన చేతిలో ఉన్నవి పెన్సిళ్లు కాదు.. కెమెరాలు, యంత్రాలు.

సమస్య ఎక్కడొచ్చిందంటే..

1948లో 'సీల్ ఐలాండ్'తో డిస్నీ 'ట్రూ లైఫ్ అడ్వెంచర్స్' సిరీస్ మొదలైంది. మంచులో, ఎడారిలో బరువైన కెమెరాలు మోయలేరు కాబట్టి షూటింగ్ ఎక్కువగా 16 ఎంఎం ఫిల్మ్‌పైనే జరిగేది. థియేటర్లలో ఆడాలంటే మాత్రం 35 ఎంఎం కావాలి. చిన్న ఫ్రేమ్‌ను పెద్దది చేస్తే ప్రతి గీత, ప్రతి మచ్చ కూడా పెద్దదవుతుంది. నెలల తరబడి అడవిలో కాచుకుని తీసిన షాట్ ఇక్కడే పాడైపోవచ్చు.

దీనికి దారి చూపింది ఆప్టికల్ ప్రింటర్. ఒకవైపు ప్రొజెక్టర్, ఎదురుగా కెమెరా. పాత ఫిల్మ్‌ను ఒక్కో ఫ్రేమ్‌గా మళ్లీ ఫొటో తీస్తారు. సైజు పెంచొచ్చు, రెండు దృశ్యాలు కలపొచ్చు, టైటిల్స్ వేయొచ్చు. ఈ యంత్రానికి మెరుగులు దిద్దడంలో ఐవర్క్స్ దిట్ట.

ఈ సినిమాల ఓపెనింగ్ గుర్తుందా? ఓ పెయింట్ బ్రష్ కదులుతూ బొమ్మ గీస్తుంది, ఆ బొమ్మే నిజమైన దృశ్యంగా మారిపోతుంది. ఆ యానిమేషన్ జాషువా మీడర్ లాంటి ఆర్టిస్టులది. 'స్పెషల్ ప్రాసెసెస్' క్రెడిట్ మాత్రం ఐవర్క్స్‌దే.

తేళ్ల డ్యాన్స్‌పై దుమారం

1953లో వచ్చిన 'ది లివింగ్ డెజర్ట్' ఆస్కార్ గెలిచింది. విమర్శలూ తప్పలేదు. అందులో రెండు తేళ్లు మ్యూజిక్‌కు తగ్గట్టు డ్యాన్స్ చేస్తున్నట్టు కనిపిస్తాయి. అదే ఫుటేజ్‌ను ముందుకీ వెనక్కీ మళ్లీ మళ్లీ ప్రింట్ చేసి తెచ్చిన ఎఫెక్ట్ అది. ప్రకృతిని ఇలా మార్చి చూపించొచ్చా అని క్రిటిక్స్ నిలదీశారు. ఆ ఐడియా ఎవరిదైనా, పని మాత్రం ప్రింటర్‌దే. అడవిలో తీసిన ఫుటేజ్‌ను కాపాడిన యంత్రంతోనే దాన్ని మార్చేయడమూ తేలికైంది. గ్రాఫిక్స్ ఇంత పెరిగిన ఈ రోజుల్లోనూ వైల్డ్‌లైఫ్ సినిమాలను ఈ ప్రశ్న వదల్లేదు.

ఐవర్క్స్‌కు రెండు టెక్నికల్ ఆస్కార్‌లు వచ్చాయి. అందులో ఒకటి ఆప్టికల్ ప్రింటర్‌కే. హిచ్‌కాక్ 'ది బర్డ్స్'లో పక్షులను, మనుషులను ఒకే ఫ్రేమ్‌లో కలిపిన పనికి నామినేషన్ కూడా దక్కింది. 1971 జూలై 7న ఆయన కన్నుమూశారు.

ఆయన పని సరిగ్గా కుదిరితే ప్రేక్షకుడికి అసలు కనిపించదు. అందుకేనేమో, ఆ పేరు కూడా పెద్దగా వినిపించలేదు. ఈసారి పాత వైల్డ్‌లైఫ్ సినిమా చూస్తే టైటిల్స్ స్కిప్ చేయకండి.. ఆ పేరు అక్కడే ఉంటుంది!