లెక్క తేలేదాకా వదలని జౌల్

తమ్ముళ్ళూ! మేము ఈ సైదాబాద్ హాస్టల్‌లో ఉన్నప్పటి సంగతి ఇది. మా బ్యాచ్‌లో ఒకడు ఏసీ మెకానిక్ శిక్షణ కోసం ఇంటర్వ్యూకు వెళ్ళాడు. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోంచి ఎన్ని వాట్ల చొప్పున వేడిని బయటకు తోస్తుందని అక్కడ అడిగారు. టన్ను అంటే వెయ్యి కిలోలు కదా అనుకుని 1,500 వాట్లని చెప్పాడు. సీటు రాలేదు. ఆ రాత్రి మేమంతా మేడ మీద పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాం. సరైన జవాబు 5,275 వాట్లు. ఆ లెక్కకు మూలం ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే పాఠ్యపుస్తకంలో ఒక్క పేరాలో ముగిసిపోయే ఒక మహానుభావుడు దొరికాడు. ఆయనే జేమ్స్ ప్రెస్కాట్ జౌల్.

జౌల్ 1818 డిసెంబర్ 24న ఇంగ్లాండులో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో పుట్టాడు. వాళ్ళది బీరు తయారుచేసే కుటుంబం. డబ్బుకు లోటు లేదు గానీ చిన్నప్పటి నుంచి వెన్నెముక బలహీనంగా ఉండేది. బడికి పంపకుండా ఇంటి దగ్గరే చదివించారు. పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్ ఆయనకు, ఆయన అన్నకు లెక్కలు నేర్పాడు. 1837లో డాల్టన్‌కు పక్షవాతం రావడంతో ఆ చదువూ ఆగిపోయింది. జౌల్ యూనివర్సిటీలో చదివి డిగ్రీ తీసుకోలేదు. కుటుంబ వ్యాపారం చూసుకుంటూనే సొంత డబ్బుతో ప్రయోగాలు చేశాడు.

తీగలో కరెంటు పారితే పుట్టే వేడి కరెంటు వర్గానికీ తీగ నిరోధానికీ అనులోమానుపాతంలో ఉంటుందని 1840 ప్రాంతంలో తేల్చాడు. మనం బకెట్‌లో పెట్టే హీటర్ రాడ్ పనిచేసేది ఈ సూత్రం మీదే.

ఆ రోజుల్లో చాలామంది పండితులు వేడిని కంటికి కనబడని ఒక ద్రవంగా భావించేవారు. జౌల్ ఒప్పుకోలేదు. పని వేడిగా మారుతుందని, ఎంత పనికి ఎంత వేడో లెక్క కట్టవచ్చని ఆయన నమ్మకం. నీళ్ళ పాత్రలో తెడ్ల చక్రం పెట్టి, దానికి దారంతో బరువులు కట్టి కిందికి జారనిచ్చాడు. చక్రం తిరిగి నీళ్ళను చిలికేది, నీళ్ళు కొద్దిగా వేడెక్కేవి. ఎంత కొద్దిగానంటే, ఫారన్‌హీట్ డిగ్రీలో 200వ వంతు దాకా చదవగల థర్మామీటరు కావలసి వచ్చింది.

1843లో ఐర్లాండులోని కార్క్ సభలో తన ఫలితం చదివితే ఎవరూ పట్టించుకోలేదు. 1844లో ఆయన పంపిన ఒక వ్యాసాన్ని రాయల్ సొసైటీ తిప్పికొట్టింది. పెద్ద చదువు లేనివాడి మాట ఎవరు వింటారు! అయినా ఆయన అలిగి కూర్చోలేదు. ప్రయోగాలను ఇంకా జాగ్రత్తగా మళ్ళీ మళ్ళీ చేశాడు. 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో యువ ప్రొఫెసర్ విలియం థామ్సన్ ఆయన మాటల్లో విషయముందని గుర్తించాడు. తర్వాతి కాలంలో లార్డ్ కెల్విన్ అయింది ఈయనే. ఇద్దరూ కలిసి, వాయువు సన్నని దారిగుండా వ్యాకోచిస్తే చల్లబడే తీరును పరిశీలించారు.

1850లో రాయల్ సొసైటీయే జౌల్‌ను సభ్యుడిగా చేర్చుకుంది. అప్పటికి ఆయన తేల్చిన సంఖ్య 772. అంటే 772 పౌండ్ల బరువు ఒక అడుగు దిగితే జరిగే పని, ఒక పౌండు నీటిని ఒక ఫారన్‌హీట్ డిగ్రీ వేడిచేస్తుంది. మన కొలతల్లో చెబితే కేలరీకి దాదాపు 4.15 జౌళ్ళు. ఈనాటి విలువ 4.186. చేత్తో కట్టిన చక్రంతో ఎంత దగ్గరికి వచ్చాడో చూడండి!

ఇక మన లెక్క. వాట్ అంటే సెకనుకు ఒక జౌల్. కిలోకేలరీ అంటే 4,186 జౌళ్ళు. గంటకు 3,600 సెకన్లు కనుక, గంటకు ఒక కిలోకేలరీ అంటే 1.163 వాట్లు. బీటీయూ అంటే 1,055 జౌళ్ళు. కనుక గంటకు ఒక బీటీయూ అంటే 0.293 వాట్లు. ఏసీ టన్ను అనేది బరువు కాదు. 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరగడానికి పీల్చుకునే వేడి లెక్కన వచ్చిన పేరు. అది గంటకు 12,000 బీటీయూ, అంటే 3,517 వాట్లు. దానికి ఒకటిన్నర రెట్లే మావాడు చెప్పలేకపోయిన జవాబు.

మరో లెక్క. 1,000 వాట్ల రాడ్ గంటకు 860 కిలోకేలరీలు ఇస్తుంది. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 40కి తేవాలంటే 300 కిలోకేలరీలు కావాలి. అంటే 21 నిమిషాలు. కొంత వేడి గాలికి పోతుంది కనుక ఇంకాస్త పడుతుంది.

ఇది స్నానాల గది దగ్గర ఆగిపోయే లెక్క కాదు. మన నగరంలోనే ఉప్పల్ రోడ్డులో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. భూగర్భం నుంచి పైకి వచ్చే వేడిని కూడా అక్కడి శాస్త్రవేత్తలు కొలిచారు. పాత పద్ధతిలో ఉష్ణ ప్రవాహానికి ప్రమాణం చదరపు సెంటీమీటరుకు సెకనుకు కేలరీలో పదిలక్షల వంతు. నేటి పద్ధతిలో అది చదరపు మీటరుకు 41.8 మిల్లీవాట్లు. ఈ మార్పిడికీ జౌల్ వెతికిన సంబంధమే ఆధారం.

1854లో జౌల్ భార్య అమీలియా చనిపోయింది. అదే ఏడు కుటుంబ వ్యాపారం అమ్మేశారు. ప్రయోగాలు మాత్రం ఆపలేదు. సంపద తరిగిపోయాక 1878లో ప్రభుత్వం ఏడాదికి 200 పౌండ్ల పింఛను ఇచ్చింది. ఆ ఏడాదే తన సంఖ్యను మరోసారి సరిచూసుకుని 772.55 అని ప్రకటించాడు. 1889లో పారిస్‌లో జరిగిన విద్యుత్ సభ శక్తి ప్రమాణానికి ఆయన పేరు పెట్టింది. అదే ఏడు అక్టోబర్ 11న ఆయన కన్నుమూశాడు. సమాధి మీద 772.55 అని చెక్కి ఉంది.

మావాడు మరుసటి ఏడాది మళ్ళీ వెళ్ళాడు, సీటు సంపాదించాడు. ఇప్పుడు ఏసీలు బిగిస్తూ ఇద్దరికి పని నేర్పుతున్నాడు. తమ్ముళ్ళూ, ఒకసారి కాదన్నంత మాత్రాన మన లెక్క ముగిసినట్టు కాదు. తప్పెక్కడో వెతుక్కుని మళ్ళీ చేద్దాం.