గుండె కండరం గుట్టు విప్పిన సుబ్బారావుగారు

మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఇంత పనికి శక్తి ఎక్కడిది? ప్రాణవాయువు అందనప్పుడు ఆ కండరం దేనిని ఖర్చు చేసి నిలబడుతుంది? ఈ ప్రశ్నలకు జవాబు దొరకడానికి దారి వేసినవారిలో ఒక తెలుగువాడు ఉన్నారు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలోగాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. బదులు చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆపైన అమెరికా చేరి, ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసుకుంటూ హార్వర్డులో చదివారు.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని కండరంలో కనుగొన్నారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే కాలంలో ఏ.టి.పి.ని విడిగా గుర్తించారు. ఏ.టి.పి. చేతిలోని చిల్లర వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడివేసుకున్న డబ్బు. చిల్లర తరిగినప్పుడల్లా ముడి విప్పి భర్తీ చేయాలి.

ప్రాణవాయువు అందినంతకాలం గుండె ఎక్కువగా కొవ్వును మండించుకొని శక్తి పొందుతుంది. రక్తనాళం పూడుకుపోతే ఆ పొయ్యి ఆరిపోతుంది. కొంగుముడి కొద్ది నిమిషాలలోనే ఖాళీ అవుతుంది. అప్పుడు కణం తనలో దాచుకున్న గ్లైకోజన్‌ను ప్రాణవాయువు లేకుండానే విరుచుకుంటుంది. కాని ఒక గ్లూకోజు అణువు నుండి మామూలుగా సుమారు 30 ఏ.టి.పి.లు లభిస్తే, ఈ దారిలో మిగిలేవి రెండు మూడు మాత్రమే. పైగా ఆమ్లం పేరుకొని ఆ దారీ మూసుకుపోతుంది. పొదుపు కోసం కండరం కొట్టుకోవడమే తగ్గించుకుంటుంది. సుమారు 20 నిమిషాలు దాటితే కణాలు చనిపోవడం మొదలవుతుంది.

ఇంత చేసినా హార్వర్డు ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, ఫోలిక్ ఆమ్లం తయారీకి, నేటికీ వాడుతున్న బోదకాలు మందుకు నాయకత్వం వహించారు. 1948 ఆగస్టులో న్యూయార్కులో, 53వ ఏట, నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది.

ఛాతీ బరువెక్కి చెమటలు పడితే గ్యాసు నొప్పి అనుకొని సోడా తాగి పడుకోవడం మన ఇళ్ళలో అలవాటు. అలా పోయే ప్రతి నిమిషమూ ఆ కొంగుముడి నుండే పోతుంది. తెల్లవారనీ అనకుండా వెంటనే 108కి ఫోను చేయండి. సుబ్బారావుగారి జీవితం మనకు మిగిల్చిన జ్ఞానం ఇలా ఒక ఇంటినైనా నిలబెడితే, అదే ఆయనకు నిజమైన స్మారకం.